ఎదిగిన చెట్టుకు హాని లేకుండా కొమ్మలు కత్తిరించడం ఎలా?

పెద్ద చెట్టు కొమ్మలు తీయించాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది "ఎంత కొట్టొచ్చు?" అని. అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న "ఎక్కడ కొయ్యాలి?" అనేది. సరైన చోట కోసిన అర అడుగు మందం కొమ్మను కూడా చెట్టు తట్టుకోవచ్చు. తప్పు చోట కోస్తే మణికట్టు లావు కొమ్మ దగ్గర మొదలైన కుళ్లు మానులోకి పాకుతుంది.

మన ఒంటి మీద గాయం మానినట్టు చెట్టు గాయం మానదు. తెగిన కలప మళ్లీ బాగుపడదు. చెట్టు ఆ భాగం చుట్టూ లోపల గోడలు కట్టుకుంటుంది. బయట కొత్త కలప పెంచి గాయాన్ని కప్పేస్తుంది. గాయం లోపల అలాగే ఉండిపోతుంది. అమెరికా అటవీ విభాగంలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను నిలువునా కోసి చూసి చెప్పిన విషయమిది. కింది సూచనలన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

1. రంపం తీసే ముందు కారణం తేల్చుకోండి

చెట్టు చుట్టూ ఒకసారి తిరగండి. తర్వాత బాగా దూరంగా వెళ్లి మొత్తం ఆకారం చూడండి. ఏ కొమ్మ తీసినా "ఇది ఎందుకు?" అనే ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు రావాలి.

సరిపోయే కారణాలు:

- ఎండిపోయింది, విరిగింది, లేదా తెగులు పట్టింది
- ఇంకో కొమ్మతో రాసుకుని రెండింటికీ బెరడు లేచిపోతోంది
- దారికి, పైకప్పుకు, గోడకు తగులుతోంది
- చీలిక కనిపిస్తోంది, కింద మనుషులు తిరిగే చోటు ఉంది

"గుబురుగా ఉంది", "చాలా ఏళ్లయింది కొట్టించి" అనేవి కారణాలు కావు. చెట్టుకు తిండి తయారు చేసేవి ఆకులే. లేత చెట్టు పోయిన ఆకును త్వరగా తిరిగి తెచ్చుకుంటుంది. ముసలి చెట్టు దాచుకున్న పిండిపదార్థం ఖర్చు పెట్టుకోవాలి, అది మళ్లీ నిండడానికి ఏళ్లు పడుతుంది.

తీయాలనుకున్న కొమ్మలకు రంగు గుడ్డ ముక్కలు కట్టండి. అందనివాటిని ఫోన్లో ఫొటో తీసి దాని మీద గీత గీసుకోండి. ఆ రోజుకి అంతే, కోత మర్నాడు. నేను పది కొమ్మలకు గుడ్డ కడితే మర్నాటికి మూడో నాలుగో విప్పేస్తాను.

ఎండు కొమ్మలను గుర్తించే పని చెట్టు నిండా ఆకున్నప్పుడే చెయ్యండి. ఆకు రాలాక బతికిన కొమ్మకీ చచ్చిన కొమ్మకీ తేడా కింద నుంచి తెలియదు. అనుమానం వస్తే గోటితో బెరడు కొంచెం గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే.

2. మీరే చేసుకోవచ్చా, నిపుణుణ్ని పిలవాలా?

వీటిలో ఒక్కటి ఉన్నా మీరు చెయ్యి పెట్టకండి:

- కొమ్మ కరెంటు తీగకు 10 అడుగుల లోపు ఉంది (ముందు విద్యుత్ సంస్థకు చెప్పాలి)
- నేల మీద నిలబడి అందుకోలేరు
- కొమ్మ మొదట్లో మందం 10 సెంటీమీటర్లు దాటింది
- మాను మొదట్లో పుట్టగొడుగులు, పెద్ద తొర్ర, లేదా నేలలో పగుళ్లు ఉన్నాయి
- చెట్టు ఈమధ్యే ఒకవైపు ఒరిగింది

నిచ్చెన మీద నిలబడి చైన్‌సా వాడటం మాత్రం ఎవరికీ వద్దు. తెగిన కొమ్మ ఊగి వచ్చి నిచ్చెననే కొడుతుంది.

పిలిచిన మనిషిని రెండు ప్రశ్నలు అడగండి. చెట్టు ఎలా ఎక్కుతారు? బతికిన చెట్టును ఇనుప ముళ్ల బూట్లతో ఎక్కితే అడుగడుక్కీ ఒక గాయం పడుతుంది. తాడుతో ఎక్కేవాళ్లు కావాలి. కోత ఎక్కడ పెడతారు? "పైనంతా నరికేస్తే సరి, మళ్లీ చిగురేస్తుంది" అని జవాబు వస్తే అక్కడితో దండం పెట్టి పంపించెయ్యండి.

3. కాలం చూసుకోండి

ఎండిన, విరిగిన కొమ్మలను ఎప్పుడైనా తీయొచ్చు. పచ్చి కొమ్మల విషయంలోనే కాలం చూడాలి.

ఆకు రాల్చే చెట్లకు చలికాలం చివర, మొగ్గలు పగలకముందు మంచి సమయం. చలి అంతగా లేని ప్రాంతాల్లో పొడి వాతావరణంలో, కొత్త చిగురు రాబోయే ముందు చెయ్యండి. పూల కోసం, కాయల కోసం పెంచే చెట్లలో చాలావాటికి ఆ పూత లేదా కాపు అయిపోగానే చెయ్యాలి. మామిడికి కాయ కోత పూర్తయిన వెంటనే చేస్తే వచ్చే పూతకు కొమ్మలు ముదరడానికి వ్యవధి దొరుకుతుంది.

ఆపాల్సిన రోజులు ఇవి:

- చెట్టు లేత చిగురు వేస్తున్నప్పుడు. నిల్వలన్నీ చిగురుకే పోయి ఉంటాయి. పైగా అప్పుడు బెరడు వదులుగా ఉండి చిన్న తాకిడికే ఊడొస్తుంది.
- ఆకు రాలుతున్నప్పుడు.
- ముసురు పట్టిన రోజుల్లో. తడి కోతలోకి బూజు తెగుళ్లు సులువుగా దిగుతాయి.
- మండుటెండలు, నీటి ఎద్దడి ఉన్నప్పుడు. అప్పటిదాకా నీడలో ఉన్న బెరడు మీద ఒక్కసారిగా ఎండ పడితే మాడి పగులుతుంది.
- గూట్లో గుడ్లు, పిల్లలు ఉన్నప్పుడు. ఒక్కో కొమ్మా తిరిగి చూడండి.

కొన్ని జాతుల లెక్క వేరు. చెర్రీ, ఆప్రికాట్ లాంటివాటిని పొడిగా ఉన్న వేసవిలో కత్తిరిస్తే తెగులు భయం తక్కువ. ఓక్ చెట్లకు ఎండు తెగులు ఉన్న ప్రాంతాల్లో గట్టి చలికాలంలోనే కొయ్యాలి. మేపుల్, బిర్చ్, వాల్‌నట్ చెట్లు చలికాలం చివర కోస్తే కుళాయి తిప్పినట్టు రసం కారుస్తాయి. చూడ్డానికి టెన్షన్‌గా ఉంటుంది గానీ సాధారణంగా హాని ఉండదు.

4. పనిముట్లు

కొమ్మ లావును బట్టి పనిముట్టు మారుతుంది. బొటనవేలి లావు వరకు చేతి కత్తెర చాలు. 4 సెంటీమీటర్ల వరకు పొడుగు పిడుల లాపర్ వాడొచ్చు. ఆపైన వంపు తిరిగిన కొమ్మల రంపం కావాలి, అది లాగేటప్పుడు కోస్తుంది.

రెండు అలుగులూ ఒకదాని పక్క నుంచి ఒకటి జారే కత్తెర తీసుకోండి. ఒక అలుగు చదును దిమ్మె మీద నొక్కే రకం పచ్చి కొమ్మను నలిపేస్తుంది. గొడ్డలి, కొడవలి వద్దు. వాటితో దెబ్బ ఎక్కడ పడుతుందో మీ చేతిలో ఉండదు.

మొదలుపెట్టే ముందు:

- అలుగులకు పదును ఉందా?
- 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచారా? తెగులున్న చెట్టయితే కోతకీ కోతకీ మధ్య కూడా తుడవాలి
- హెల్మెట్, కళ్లద్దాలు, గ్లోవ్స్ ఉన్నాయా?
- కింద ఎవరూ రాకుండా చూడటానికి ఇంకో మనిషి ఉన్నారా?
- తెగిన కొమ్మ ఎటు పడుతుందో, మీరు ఎటు తప్పుకుంటారో అనుకున్నారా?

బ్లీచ్ వాడేవాళ్లు 1 వంతు బ్లీచ్‌కు 9 వంతుల నీళ్లు కలపండి. పనయ్యాక కడిగి నూనె రాయకపోతే రంపం తుప్పు పడుతుంది.

5. కాలర్‌ను గుర్తుపట్టడం

ఈ పని మొత్తంలో నేర్చుకోవాల్సింది ఏదైనా ఉంటే ఇదే, తొందరపడకండి.

కొమ్మ మాను నుంచి బయలుదేరే చోట చూడండి. మొదట్లో కాస్త ఉబ్బి, మెడ చుట్టూ చొక్కా కాలర్‌లా ఉంటుంది. దాన్నే కాలర్ అంటారు. అది కొమ్మది కాదు, మాను తాలూకు కలప. గాయాన్ని మూసే కొత్త కలప పుట్టేది దాని అంచు నుంచే. కుళ్లును లోపలికి రానివ్వని అడ్డుగోడ కూడా దాని లోపలే ఉంటుంది.

రెండో గుర్తు పైన, పంగలో ఉంటుంది. కొమ్మ బెరడు, మాను బెరడు ఒకదాన్నొకటి నెట్టుకుని గరుకుగా, కొంచెం నల్లగా ఒక గీతలా పైకి లేస్తాయి. దీన్ని బెరడు మడత అనుకుందాం.

ఇప్పుడు బొటనవేలిని కొమ్మ కింది వైపు పెట్టి మాను వైపు మెల్లగా జరపండి. కాసేపు నున్నగా వెళ్తుంది. ఒకచోట వేలు ఎత్తెక్కినట్టు తెలుస్తుంది, కాలర్ అక్కడ మొదలైంది. కన్ను మోసపోయిన చాలాసార్లు నాకు వేలే చెప్పింది.

కోత గీత పైన బెరడు మడతకు కాస్త బయట మొదలై, కింద ఉబ్బు మొదలయ్యే చోటుకు కాస్త బయట ముగియాలి. అందుకే ఇది మానుకు సమాంతరంగా ఉండదు, కింది చివర మాను నుంచి కొంచెం ఎడంగా వస్తుంది.

కాలర్ తేలిగ్గా కనపడకపోతే బెరడు మడతను ఆధారం చేసుకోండి. మడత పై కొసన మానుకు సమాంతరంగా ఒక నిలువు గీత ఊహించుకోండి. ఆ గీతకు ఒక పక్క మడత ఎంత వాలుగా ఉందో, రెండో పక్క కోత అంతే వాలుగా ఉండాలి, అద్దంలో బొమ్మలాగా.

ఎండు కొమ్మ దగ్గర ఒక తిరకాసుంది. కొమ్మ చచ్చి చాలాకాలమైతే కాలర్ ఎండు కలప మీదికి గొట్టంలా పాకి ఉంటుంది. అది ఎంత దూరం పాకినా అది ప్రాణమున్న కలపే. దాని బయట మిగిలిన ఎండు ముక్కనే కొయ్యండి.

సమానంగా లావెక్కిన రెండు మానులు ఇరుకు పంగలో కలిసి ఉంటే అక్కడ కాలర్ ఉండదు. పంగలో బెరడు లోపలికి ముడుచుకుపోయి ఉంటే ఆ అతుకు బలహీనం. ముదురు చెట్టులో అలాంటి మానును తీసేస్తే మిగిలే గాయం భయంకరంగా ఉంటుంది. బరువు తగ్గించాలా, కేబుల్‌తో కట్టాలా అనేది నిపుణులు చూసి చెప్పాలి.

6. మూడు కోతలు

నేను మొదటిసారి మోచెయ్యంత లావు కొమ్మను పైనుంచి ఒకే కోతతో కోశాను. ముప్పావు వంతు తెగేసరికి బరువుకు కొమ్మ వంగింది, ఫట్‌మని విరిగింది. విరిగి ఊరుకోలేదు. కింది బెరడును పట్టుకుని మాను వెంట మూరెడు పొడుగు చీల్చుకుంటూ దిగింది. ఆ తెల్లటి చార మూసుకోవడానికి ఏళ్లు పట్టింది.

చేతితో పట్టి ఆపలేనంత బరువున్న ఏ కొమ్మకైనా మూడు కోతలు పెట్టండి.

మొదటి కోత కింద నుంచి. కాలర్‌కు 30 నుంచి 45 సెంటీమీటర్ల బయట, కొమ్మ అడుగున మొదలుపెట్టి మందంలో పావు నుంచి మూడో వంతు దాకా కొయ్యండి. రంపం బిగుసుకోవడం మొదలవగానే ఆపండి. బెరడు చీలిక ఈ కోత దగ్గర ఆగిపోతుంది.

రెండో కోత పైనుంచి. మొదటి కోతకు ఇంకో 3 నుంచి 5 సెంటీమీటర్ల బయట, తెగి పడేదాకా కొయ్యండి. బరువంతా ఇక్కడితో పోతుంది.

మూడో కోత కాలర్ దగ్గర. మిగిలిన మోడును ఒక చేత్తో పట్టుకుని, ముందు చూసుకున్న గీత మీద మెల్లగా కొయ్యండి. పంగ ఇరుకై పైనుంచి రంపం పట్టకపోతే కింద నుంచి పైకి కోసినా ఫరవాలేదు.

పొడుగు కొమ్మను ఒకేసారి దించకండి. కొస నుంచి ముక్కలు ముక్కలుగా తీసుకుంటూ రండి.

కోత అంచున వేలాడే బెరడు పీచు ఉంటే పదునైన కత్తితో తీసెయ్యండి. ఊడిన బెరడు వరకే. గాయం అందంగా, కోలగా కనిపించాలని మంచి బెరడును చెక్కేవాళ్లున్నారు, దానివల్ల గాయం పెద్దదవుతుంది.

పెయింటు, తారు, మైనం ఏదీ పుయ్యక్కర్లేదు. పూత కింద తడి నిలిచి కుళ్లుకు అనుకూలమవుతుంది, కొన్నిసార్లు గాయం మూసుకోవడమూ ఆలస్యమవుతుంది. తప్పనిసరై తప్పు కాలంలో ఓక్ చెట్టును కొయ్యాల్సి వచ్చినప్పుడు, తెగులు మోసే పురుగులు వాలకుండా వెంటనే పూత వెయ్యడం లాంటివి మినహాయింపులు.

7. ఎత్తు, పొడుగు తగ్గించాలంటే

కొమ్మను మధ్యలో ఎక్కడపడితే అక్కడ తుంచకండి. దాని నుంచి చీలిన పక్క కొమ్మ దగ్గరికి వెనక్కి వచ్చి కొయ్యండి. ఆ పక్క కొమ్మ, తీసేస్తున్న భాగం మందంలో కనీసం మూడో వంతు ఉండాలి. 6 సెంటీమీటర్ల కొమ్మను తగ్గిస్తుంటే 2 సెంటీమీటర్ల పక్క కొమ్మ అన్నమాట. అంతకన్నా సన్నదైతే మిగిలిన భాగాన్ని పోషించలేదు.

తల నరికేస్తే జరిగేది ఇది. ఆకలితో ఉన్న చెట్టు మోడుల చుట్టూ గుంపులుగా, నీటి కొమ్మలు అనే బలహీనమైన రెమ్మలు వేస్తుంది. అవి బెరడు కింద నుంచి పుట్టినవి కాబట్టి పాత కొమ్మల్లా లోపలి కలపలో పాతుకుని ఉండవు. చూస్తుండగానే పాత ఎత్తుకు వస్తాయి. ఈలోపు మోడు లోపల కుళ్లు దిగుతుంది. లావెక్కిన కొమ్మలు, కింద పుచ్చిన ఆధారం. గాలివానకు ఊడేవి అవే.

8. ఎంత తీయాలి?

ఒక ఏడాదిలో బతికిన ఆకు భాగంలో పావు వంతు అనేది ఏ చెట్టుకైనా పై హద్దు. ఎదిగిన చెట్టుకు పదో వంతు దగ్గర ఆగడం నయం. ముసలిదైనా, నీరు లేక వాడినా, పక్కన తవ్వకాల్లో వేళ్లు తెగినా ఎండు కొమ్మలు మాత్రమే తీయండి.

అడుగు కొమ్మలు తీసి ఎత్తు లేపుతుంటే మొత్తం ఎత్తులో మూడింట రెండు వంతులు ఆకు గుబురు మిగలాలి. లోపలి సన్న రెమ్మలన్నీ గీసేసి కొసల్లో మాత్రమే ఆకు ఉంచడం చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. కానీ అప్పుడు బరువంతా కొసకు చేరి, గాలికి కొమ్మ గేలంకర్రలా ఊగి విరుగుతుంది. లోపలి రెమ్మల జోలికి వెళ్లకండి.

తాటి, కొబ్బరి జాతి చెట్లకు ఈ లెక్కలు వర్తించవు. ఎండి వేలాడే మట్టలు తీస్తే చాలు, నేలకు సమాంతరంగా ఊహించుకున్న గీతకు పైనున్న పచ్చి మట్టలు ముట్టుకోవద్దు. పైన్ జాతుల్లో చాలావరకు ఆకులేని పాత కలప నుంచి మళ్లీ చిగురు రాదు, కాబట్టి వెనక్కి కోసిన చోట మోడే మిగులుతుంది.

9. ఇప్పటికే తప్పు జరిగిపోతే

మోడు వదిలేశారా? మళ్లీ వెళ్లి కాలర్ దగ్గర కొయ్యండి. చుట్టూ కొత్త కలప ఉంగరంలా వచ్చి ఉంటే దాన్ని తగలకుండా బయటి ఎండు భాగమే తీయండి.

కాలర్‌తో సహా మానుకు చదునుగా కోసేశారా? దీనికి మందు లేదు. మళ్లీ కోసి సరిచెయ్యబోకండి. నీళ్లు సరిగా పెడుతూ ఏటా ఆ చోటును గమనించండి.

ఎవరో తల నరికిన చెట్టు మీ చేతికొచ్చిందా? వెంటనే ఏమీ కొయ్యకండి. కొత్త కొమ్మలను రెండు మూడేళ్లు పెరగనివ్వండి. తర్వాత ఒక్కో మోడు దగ్గర గట్టిగా, మంచి చోట పుట్టిన ఒకటి నుంచి మూడు కొమ్మలను ఎంచుకోండి. మిగతావాటిని ఒకేసారి కాకుండా కొన్నేళ్ల పాటు విడతలుగా తగ్గించండి.

కత్తిరించాక నీటి కొమ్మలు విపరీతంగా వచ్చాయా? మీరు ఎక్కువ తీసేశారని చెట్టు చెబుతోంది. కోపంతో అన్నీ పీకేస్తే ఇంకా ఎక్కువ వస్తాయి. సగానికి పైగా ఉంచి, మిగతావి వచ్చే ఏడాదికి వాయిదా వెయ్యండి.

తొర్ర కనపడిందా? సిమెంటు పొయ్యకండి, నీరు పోవడానికి రంధ్రం కూడా వెయ్యకండి. ఆ రంధ్రం చెట్టు లోపల కట్టుకున్న గోడను పగలగొడుతుంది. గట్టి కలప ఎంత మిగిలిందో నిపుణులతో చూపించండి.

10. కోత తర్వాత

- వానలు లేకపోతే గుబురు అంచు కింద నేల లోతుగా తడిసేలా నీళ్లు పెట్టండి
- ఎండుటాకులు, చెక్క తురుము 5 నుంచి 10 సెంటీమీటర్ల మందం పరవండి, మానుకు మాత్రం ఆనించకండి
- నత్రజని ఎరువు అప్పుడే వెయ్యకండి, లేనిపోని నీటి కొమ్మలు వస్తాయి
- ప్రతి పెద్ద కోతనూ తేదీతో ఫొటో తీసి పెట్టుకోండి

ఏడాది తర్వాత అదే కోత దగ్గరికి వెళ్లి చూడండి. చుట్టూ గారె అంచులా కొత్త కలప సమానంగా ఉబ్బి గుండ్రంగా కనిపిస్తే కోత సరైన చోట పడింది. పక్కల ఉబ్బి పైనా కిందా ఖాళీగా ఉంటే మానుకు మరీ దగ్గరగా కోశారు. ఉబ్బంతా వెనకే ఆగిపోయి ముందుకు ఎండు ముక్క పొడుచుకొచ్చి ఉంటే దూరంగా కోశారు. ఈసారి రంపం తీసే ముందు పాత ఫొటో ఒకసారి తెరిచి, వేలు ఎక్కడ ఎత్తెక్కిందో మళ్లీ తడిమి చూసుకోండి.